పేరు పెద్దది, దుప్పటి లేదు: వరుంపి బ్యాండు అన్నదమ్ముల కథ



ఈసారి సముద్రం అవతలి ఆదివాసుల గురించి రాస్తున్నాం. వీళ్లు రాజులు కాదు, తుపాకి పట్టినోళ్లు కాదు. గిటార్లు, డ్రమ్ములు పట్టుకొని పాటలు పాడినోళ్లు. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్లకు జత కలిసిన ఇద్దరు దోస్తులు. దేశం ఆస్ట్రేలియా, బ్యాండు పేరు వరుంపి. పోస్టు పెద్దగుంటది, తీరిగ్గా చదవండి.

మేము రాసేది ఆత్మకూరు నుంచి. ఆత్మకూర్లు చాలా ఉన్నాయి కదా, మాది నెల్లూరుది కాదు, నంద్యాలది కాదు. జూరాల పక్కన వనపర్తి జిల్లా ఆత్మకూరు. హాస్టల్లో మాలో నలుగురైదుగురికి పాటల పిచ్చి. ఇద్దరు ఒకే తల్లి బిడ్డలు, మిగిలినోళ్లం వేరే తండాల వాళ్లం. ఒక సెకండ్ హ్యాండ్ గిటారు, ఒక డప్పు, ఫోన్ల రికార్డింగు, ఇదీ మా సామాను. రాక్ అంటే మొదట మాకు చెవులు పగిలే అరుపులనే అనుకునేది. వెతుకుతూ పోతే ఈ బ్యాండు దొరికింది.

తెలుగులో రాక్ బ్యాండ్లు లేవా అంటే ఉన్నాయి. హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండు తెలుగు మాటలతోనే పాడి పేరు తెచ్చుకుంది, మేమూ వింటాం. కానీ అవి సిటీ కథలు. గవర్నమెంటు లారీల్లో తెచ్చి ఒక్కచోట కుప్పేసిన సెటిల్‌మెంటులో పుట్టి, సొంత భాషల పాడిన అన్నదమ్ముల కథ మాకు ఎక్కువ దగ్గరగా అనిపించింది.

ఆస్ట్రేలియా మ్యాపు తీసి నట్టనడుమ వేలు పెడితే ఆలిస్ స్ప్రింగ్స్ అనే టౌను వస్తది. అక్కడి నుంచి వాయవ్యంగా దాదాపు 240 కిలోమీటర్లు ఎర్రమట్టి ఎడారిలో పోతే పపున్య. ఇది పాత ఊరు కాదు. 1950ల చివర్లో అక్కడి గవర్నమెంటు కట్టిన సెటిల్‌మెంటు. ఎడారిలో వేల ఏళ్లుగా తిరిగి బతికిన లురిచా, పింటుపి, వార్ల్‌పిరి జాతుల వాళ్లను తీసుకొచ్చి ఇక్కడ పెట్టారు. అందరూ తెల్లవాళ్ల లెక్క బతకడం నేర్చుకోవాలనేది అప్పటి పాలసీ. ఒక్కటే వంటశాల, అందరూ వరుసలో నిలబడి తినాలె. పడమటి ఎడారి నుంచి చివరగా వచ్చిన పింటుపి వాళ్లలో చాలామంది కొత్త రోగాలకు తట్టుకోలేక చనిపోయారు.

ఇంకో విషయం. ఆస్ట్రేలియా రాజ్యాంగంలో జనాభా లెక్కల్లో ఆదివాసులను లెక్కపెట్టొద్దు అని రాసే ఉండేది. 1967 రెఫరెండంతో దాన్ని తీసేశారు. పపున్య ఉన్న నార్తర్న్ టెరిటరీలో ఆదివాసులకు భూమి హక్కు చట్టం వచ్చింది 1976లో. మన తెలంగాణ లంబాడాలను ఎస్టీ జాబితాలో చేర్చిన సవరణ చట్టం కూడా 1976దే. రెండింటికీ సంబంధం ఏమీ లేదు, ఏడాది ఒక్కటేనని మాకు ఆశ్చర్యం అనిపించి రాశాం.

పపున్య బడి గోడ సంగతి చెప్పకపోతే బ్యాండు పేరు అర్థం కాదు. ఆ నేలలో తేనె చీమలు ఉంటాయి. పొట్ట తేనెతో ద్రాక్షపండు లెక్క ఉబ్బి ఉంటది, నేల తవ్వి తీసి తింటారు. పపున్య పక్కనున్న ఒక చోటు ఆ తేనె చీమల పూర్వీకులది అని వాళ్ల నమ్మకం. ఆ చోటు పేరు వరుంపి. 1971లో జెఫ్రీ బార్డన్ అనే డ్రాయింగు మాస్టారు ప్రోత్సాహంతో ఊరి పెద్దమనుషులు బడి గోడ మీద ఆ తేనె చీమల కథను తమ పద్ధతిలో చుక్కలు, గీతలు, వలయాలతో వేశారు. ఇప్పుడు లోకమంతా కోట్లు పెట్టి కొనే ఆస్ట్రేలియా ఆదివాసీ పెయింటింగుల ఉద్యమం అక్కడి నుంచే మొదలైంది. ఆ గోడ మాత్రం మిగల్లేదు. కొన్నేళ్లకే మరమ్మతుల పేరుతో దాని మీద రంగు కొట్టేశారు.

ఆ గోడ పోయిన ఊర్లోనే, అదే చీమల చోటు పేరు పెట్టుకొని, కుర్రోళ్లు బ్యాండు కట్టారు.

అన్నదమ్ములు సామీ బుచర్, గార్డన్ బుచర్. ఇద్దరి పేర్ల చివర చపనంక అని ఉంటది. అది ఇంటిపేరు కాదు, వాళ్ల బంధుత్వ వరస పేరు. మన తండాల్లో రాథోడా, పమారా అని గోత్రం అడిగి వరస కలుపుకున్నట్టు, అక్కడ ఈ వరస పేరును బట్టి ఎవరు ఎవరికి అన్న, ఎవరు బావ, ఎవరు ఎవర్ని పెళ్లి చేసుకోవచ్చు అన్నీ తేలిపోతాయి. సామీ గిటారు, బేస్ వాయించేవాడు. గార్డన్ డ్రమ్స్.

మూడోవాడు నీల్ మర్రే. దక్షిణాదిన విక్టోరియా రాష్ట్రంలో వ్యవసాయ ప్రాంతంలో పుట్టిన తెల్ల కుర్రోడు. 1980లో పపున్యకు వచ్చి బడిలో పాఠాలు చెప్పాడు, లారీ నడిపాడు, ఎడారిలో దూరదూరంగా ఉన్న చిన్న గూడేలకు సామాన్లు మోశాడు. వచ్చేటప్పుడు గిటారు తెచ్చుకున్నాడు. సామీకీ, ఆయనకూ దోస్తీ కుదిరింది గిటారు దగ్గరే.

నాలుగోవాడు జార్జి రురాంబు. ఈయనది పపున్య కాదు. వెయ్యి కిలోమీటర్లకు పైనే ఉత్తరాన, సముద్రంలో ఉన్న ఎల్కో ద్వీపం. యోలంగు జాతి, మాట్లాడే భాష గుమచ్. పెళ్లి సంబంధంతో పపున్యకు వచ్చి ఉన్నాడు. మన ఊళ్ల మాటలో చెప్పాలంటే అల్లుడిగా వచ్చినోడు. స్టేజీ ఎక్కితే ఆగేవాడు కాదు, ఎగిరేది, దుంకేది, మైకు పట్టుకొని జనం మీదికి వంగేది. పత్రికలు ఆయన్ని రోలింగ్ స్టోన్స్ పాటగాడు మిక్ జాగర్‌తో పోల్చాయి. మాకు మాత్రం వీడియోలు చూస్తుంటే హోలీ పండుగకు తండాలో ముందు నిలబడి ఆడే అన్నలే యాదికొచ్చారు.

మొదట్లో వీళ్లు వాయించింది ఎవరి పాటలో. చక్ బెర్రీ పాటలు, రోలింగ్ స్టోన్స్ పాటలు, అమెరికా పల్లె పాటలు. గూడెం నుంచి గూడేనికి వ్యాను కట్టుకొని పోయేది, కరెంటు ఉన్నచోట వాయించేది. ఆ గూడేల జనమే వాళ్లకు మొదటి శ్రోతలు. ఈ సంగతి తర్వాత అవసరమైతది.

1980 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో ఆదివాసీ రాక్ బ్యాండ్లు వీళ్లొక్కరే కాదు. అడిలైడ్ నగరంలో నో ఫిక్స్డ్ అడ్రస్, అస్ మాబ్ అనే బ్యాండ్లు ఉన్నాయి, వాళ్ల మీద 1981లో సినిమా కూడా వచ్చింది. మంచి బ్యాండ్లే, కోపమున్న పాటలే. కానీ పాడింది ఇంగ్లీషులో. ఆదివాసీ భాషలో రాక్ పాట ఎవరు కొంటారు, ఏ రేడియో వేస్తది అనే ప్రశ్న అప్పుడు అందరికీ ఉన్నదే.

1983లో వరుంపి బ్యాండు 'జైలంగురు పకర్ను' అనే పాటను రికార్డుగా తెచ్చింది. లురిచా భాష పాట. ఆదివాసీ భాషలో వచ్చిన మొదటి రాక్ రికార్డు ఇదేనని ఆస్ట్రేలియా సంగీత చరిత్రలో రాసుకుంటారు. పేరు విప్పి చూడండి. జైలు అనే మాట ఇంగ్లీషు నుంచి వచ్చింది, దాని వెనక 'నుంచి' అని అర్థమిచ్చే ముక్క చేరింది, పకర్ను అంటే బయటికి రావడం. జైలు నుంచి బయటికొచ్చుడు. మనం జైలు అనే మాటకు 'నుంచి' తగిలించి ఎట్ల మాట్లాడతామో, వాళ్లూ గట్లనే. తెల్లోళ్ల జైలు వాళ్ల భాషలోకి కూడా వచ్చి కూర్చుంది.

మొదటి పాట ప్రేమ మీద కాకుండా జైలు మీద ఎందుకు రాశారని మాకు అనుమానం వచ్చింది. జవాబు కష్టం కాదు. అక్కడ జైళ్లలో ఆదివాసులు వాళ్ల జనాభాకు ఎన్నో రెట్లు ఎక్కువ. పోలీసు కస్టడీలో, జైళ్లలో చనిపోయిన ఆదివాసుల మీద 1987లో రాయల్ కమిషన్ వేశారు, 1991 వరకు నడిచింది, 99 మరణాలను విచారించింది. పపున్యలో ఎవరింట్లో చూసినా జైలుకు పోయొచ్చినోళ్లు ఉన్న కాలం అది. పాట వాళ్లకు కథ కాదు, పక్కింటి సంగతి. మనకూ ఇది కొత్త కాదు. 1871 నేరస్థ జాతుల చట్టం కింద బంజారాలను, ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టారు. 1952 దాకా ఆ ముద్ర పోలేదు.

ఈ రికార్డు రెండో వైపు పాట మాకు ఇంకా ఎక్కువ నచ్చింది. పేరు 'కింటోరెలకుటు'. కింటోర్ వైపు అని అర్థం. పపున్యకు తెచ్చిపెట్టిన పింటుపి వాళ్లు 1981లో తమంతట తామే తిరిగి పడమటి ఎడారిలో తమ సొంత నేలకు, కింటోర్ అనే చోటికి, వెళ్లిపోవడం మొదలుపెట్టారు. ఎవరూ పంపలేదు. బోరు వేసుకొని, రేకులు కట్టుకొని ఉండిపోయారు. అంటే రికార్డుకు ఒక పక్క జైలు నుంచి బయటికొచ్చుడు, ఇంకో పక్క ఇంటికి పోవుడు. శ్రీశైలం నీళ్ల కింద పోయిన ఊళ్ల కథలు విని పెరిగిన మాకు, అమ్రాబాద్ అడవిలో పెంటలు ఖాళీ చేయాలంటారేమోనని భయపడే చెంచు దోస్తులు పక్క మంచంలో పడుకునే మాకు, ఇది వేరే దేశం పాటలా వినపడలేదు.

ఇంకో చిన్న మాట. ఆ లురిచా పాట పాడిన జార్జిది లురిచా కాదు, గుమచ్. అల్లుడిగా వచ్చిన ఊరి భాష నేర్చుకొని పాడాడు. మాలో ఒకడికి గోర్ బోలి సరిగ్గా రాదు, చిన్నప్పటి నుంచి హాస్టళ్లలో ఉండి మరిచిపోయాడు. వాడిని మేము ఎక్కిరిస్తుంటాం. జార్జి సంగతి తెలిశాక ఎక్కిరించుడు తగ్గింది.

రికార్డు వచ్చాక పట్నం పిలిచింది. బ్యాండు సిడ్నీకి పోయింది, పబ్బుల్లో వాయించింది, 1985లో మొదటి ఆల్బమ్ తెచ్చింది. దాని పేరే 'బిగ్ నేమ్, నో బ్లాంకెట్స్'. పేరు పెద్దది, దుప్పట్లు లేవు. ఎడారిలో పగలు మాడ్చే ఎండ ఉంటది, చలికాలం రాత్రి మాత్రం ఎముకలు కొరుకుతది. పేపర్ల పేరు పడ్డ బ్యాండుకు రాత్రి కప్పుకునేందుకు దుప్పటి లేదనడం ఒట్టి చమత్కారం కాదు. తొలి ఆల్బమ్‌కే ఇట్లాంటి పేరు పెట్టుకున్న బ్యాండు ఇంకోటి ఉంటే చెప్పండి.

ఇది చదివినప్పుడు మాకు వెంటనే గుర్తొచ్చింది మన నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర మొగులయ్య గారు. లింగాల మండలం అవుసలికుంట ఆయనది. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న కథలు పాడే మనిషి. ఆయన దక్కలి కులం, ఎస్టీ కాదు, కానీ పాట దగ్గర మన జిల్లా పెద్దదిక్కు. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటతో దేశమంతా తెలిశారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, ప్రభుత్వం సాయం ప్రకటించింది. 2024 మేలో హైదరాబాద్ శివార్లలో ఆయన కూలి పని చేస్తున్న ఫొటోలు పేపర్లలో వచ్చాయి. పేరు పెద్దది, దుప్పటి లేదు అనే మాటను తెలుగులో చెప్పాలంటే ఇంతకన్నా ఏం కావాలె.

ఆల్బమ్‌లో 'బ్లాక్‌ఫెల్లా/వైట్‌ఫెల్లా' అనే పాట అందరికీ ఎక్కింది. నల్లోడా తెల్లోడా అని కాదు, మనిషిగా ముందుకొచ్చి నిలబడు అనే భావం. ముగ్గురు ఆదివాసులు, ఒక తెల్లోడు కలిసి పాడుతున్నారు కాబట్టి ఆ మాటకు బలం వచ్చింది. మాలో ఒక అన్న మాత్రం ఈ పాట మరీ మెత్తగా ఉందన్నాడు. భూమి పోయినోడు, భూమి తీసుకున్నోడు ఒకే పక్కన నిలబడాలంటే ముందు భూమి సంగతి తేలాలె కదా అని. రాత్రి పదకొండు దాకా దీని మీద వాదన నడిచింది. మాకనిపించింది ఏందంటే, ఈ పాటను 'జైలంగురు పకర్ను' పక్కన పెట్టుకొని వినాలె. ఒక్కటే వింటే నిజంగానే మెత్తగా ఉంటది.

1986లో ఒక పెద్ద ప్రయాణం జరిగింది. మిడ్‌నైట్ ఆయిల్ అని అప్పటికే ఆస్ట్రేలియాలో స్టేడియాలు నింపే తెల్లవాళ్ల రాక్ బ్యాండు. వాళ్లూ వరుంపీ కలిసి ఎడారి గూడేలకు, ఉత్తరాది తీరానికి టూరు పోయారు. టూరుకు పేరు కూడా ఆ పాట పేరే. మామూలుగా చిన్న బ్యాండు పెద్ద బ్యాండు వెనక పోతది. ఇక్కడ తిరగబడింది. ఆ జనానికి మిడ్‌నైట్ ఆయిల్ ఎవరో సరిగ్గా తెలియదు, వరుంపి వాళ్లయితే ఇంటి పిల్లలు. స్టేడియం స్టార్లు దుమ్ములో కూర్చొని కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆ టూరులో చూసినవి మిడ్‌నైట్ ఆయిల్ పాటలైపోయాయి. 1987లో వాళ్లు తెచ్చిన 'డీజిల్ అండ్ డస్ట్' ఆల్బమ్ ప్రపంచమంతా అమ్ముడుపోయింది. అందులోని 'బెడ్స్ ఆర్ బర్నింగ్' పాట పింటుపి వాళ్లు సొంత నేలకు తిరిగిపోవడం గురించే, భూమి వాళ్లది వాళ్లకు ఇచ్చేయాలనే. 1983లో వరుంపి లురిచాలో పాడిన 'కింటోరెలకుటు' ఏ నేల గురించో ఇదీ ఆ నేల గురించే. ఒకటి లోకమంతా మోగింది, ఒకటి గూడేల్లో మోగింది. మిడ్‌నైట్ ఆయిల్ వాళ్లను తప్పుపట్టడం లేదు, వాళ్లు నిజాయితీగానే ఆ పక్షాన నిలబడ్డారు. పాట ఎవరి నోట్లోంచి వస్తే లోకం వింటదో చెప్తున్నాం, అంతే.

1987లో రెండో ఆల్బమ్ 'గో బుష్' వచ్చింది. అందులో 'మై ఐలాండ్ హోమ్' ఉంది. దీని వెనక కథ బాగుంటది. నీల్ మర్రే ఎల్కో ద్వీపానికి పోయి జార్జి ఇంటోళ్లతో కొన్నాళ్లు ఉన్నాడు. చేపలు పట్టుడు, తాబేళ్ల వేట, పడవలు. తర్వాత దక్షిణాదిలో బస్సులో పోతుంటే ఆ సముద్రం మనసులోంచి పోక పాట కట్టాడు. ఎడారి మధ్యలో ఏళ్ల తరబడి బతుకుతున్న ద్వీపం మనిషి తన నీళ్లను తలుచుకోవడం పాటలో సంగతి. అంటే జార్జి మనసును నీల్ రాశాడు, జార్జి పాడాడు. ఎవరి పాట ఇది? రాసినోడిదా, బతికినోడిదా? మేము తేల్చలేకపోయాం. జార్జి పాడింది వింటే మాత్రం ఆ ప్రశ్న గుర్తుకు రాదు.

ఇక అసలు సంగతికి వస్తున్నాం. ఈ బ్యాండు మీద రాసినోళ్లు చాలామంది ఒకే బాధ పడతారు. ఇంత ప్రతిభ ఉండి, ఇంత మంచి పాటలుండి, ఎందుకు పైకి రాలేదని. ఇరవై ఏళ్లలో మూడే ఆల్బమ్‌లు. 1988 ప్రాంతానికి ఎవరి దారి వాళ్లదైంది, నీల్ సొంతంగా పాడుకోవడం మొదలుపెట్టాడు. మళ్లీ కలిశారు, మళ్లీ విడిపోయారు. 1990ల నడుమ మళ్లీ కలిసి 1996లో 'టూ మచ్ హంబగ్' తెచ్చారు. 2000 నాటికి పూర్తిగా ఆగిపోయింది.

మాకు ఈ లెక్క కరెక్టనిపించలేదు. టూరు మధ్యలో సామీ, గార్డన్ పపున్యకు తిరిగిపోయేది. వాళ్ల స్థానంలో వేరేవాళ్లు వాయించిన రోజులు చాలా ఉన్నాయి. ఎందుకు పోయేది? ఇంట్లో పిల్లలు, ఊర్లో ఆచారాలు, చావులు. ఎడారి జనంలో ఒక మనిషి చనిపోతే బంధువులంతా పనులన్నీ పక్కన పెట్టి రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి దుఃఖం పాటిస్తారు. వరస ప్రకారం ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఏం చేయాలో రాసిపెట్టినట్టు ఉంటది. సిడ్నీలో షో ఉందంటే ఆ వరస ఆగదు. మన తండాలో అన్న కొడుకు చనిపోతే పరీక్ష ఉన్నా బస్సెక్కుతాం కదా. తీజ్ తొమ్మిది రోజులు చెల్లెళ్లు గోధుమ మొలకలకు నీళ్లు పోస్తుంటే ఇంటికి రాలేదని ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి కదా. మాలో ఒకడు కిందటేడు ఇట్లనే పోయొస్తే అటెండెన్సు తక్కువైందని ఒక సారు అందరి ముందు నిలబెట్టి, మీవాళ్లు చదువుకు పనికిరారు అన్నాడు. మ్యూజిక్ కంపెనీల భాషలో దాన్నే కెరీర్ మీద దృష్టి లేకపోవడం అంటారు కాబోలు.

'హంబగ్' అనే మాట కూడా ఇక్కడిదే. మామూలు ఇంగ్లీషులో దానికి మోసం అని అర్థం. ఆదివాసుల ఇంగ్లీషులో వేరే. బంధువులు వచ్చి పైసలు ఇవ్వు, కారు ఇవ్వు, అది ఇవ్వు ఇది ఇవ్వు అని సతాయించుడు. ఉన్నోడు లేనోడికి పంచాలనేది అక్కడి ధర్మం. ఎడారిలో వేట మాంసం పంచుకొని బతికిన కాలం నుంచి వచ్చింది. పాట పాడి పేరు తెచ్చుకున్నోడికి పైసలు ఉన్నాయనే ఊరంతా అనుకుంటది. మూడో ఆల్బమ్‌కు ఈ పేరు పెట్టారంటే ఎంత విసిగారో, విసిగినా ఎంత కలిసే ఉన్నారో రెండూ తెలుస్తాయి. మా హాస్టల్లో స్కాలర్‌షిప్ పడిన రోజు రాత్రి ఏమైతదో మీకందరికీ తెలుసు.

కాబట్టి మేము అనేది ఇది. ఆ అన్నదమ్ములను పట్నం నుంచి వెనక్కి లాగింది ఏదో, వాళ్ల పాటలకు ప్రాణం పోసింది కూడా అదే. జైలు నుంచి వచ్చిన పక్కింటోడు, కింటోర్‌కు నడిచిన తాతలు, వరసలు, చావులు, పంపకాలు, ఇవన్నీ వదిలేసి సిడ్నీలో స్థిరపడితే టూర్లు సాగేవేమో, పాటలు మాత్రం ఎక్కడి నుంచి వచ్చేవి? మొదట గూడేల జనమే వాళ్లకు శ్రోతలని చెప్పాం కదా. చివరికి కూడా వాళ్లే. ఆ లెక్కన చూస్తే బ్యాండు ఫెయిల్ కాలేదు. అయితే దీన్ని తియ్యగా చెప్పి వదిలేయడం కూడా తప్పే. జార్జికి పెద్ద స్టేజీలు కావాలని ఉండేది, ఆయన దానికే పుట్టాడు. తమ్ముడు ఊరికి పోయినప్పుడల్లా స్టేజీ మీద మిగిలినోడికి నష్టమే. ఆ నష్టానికి ఎవరూ లెక్క కట్టియ్యలేదు.

అదే కాలంలో ఇంకో దారి కూడా కనపడింది. జార్జి జాతి యోలంగు వాళ్లదే యోతు యిండి అనే బ్యాండు, 1986లో మొదలైంది. పాటగాడు మందావుయ్ యునుపింగు టీచరు. యోలంగు జనంలో మొట్టమొదట యూనివర్సిటీ డిగ్రీ తెచ్చుకున్నది ఆయనే, తర్వాత తన ఊరి బడికే హెడ్మాస్టరు అయ్యాడు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన మనలాంటోళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలె. వాళ్ల 'ట్రీటీ' పాట 1991లో దేశమంతా మోగింది. సొంత భాషను రాక్‌లో పెట్టొచ్చని వాళ్లకంటే ముందు చేసి చూపించింది వరుంపి.

ఇప్పుడు 2000 సంవత్సరం, అక్టోబరు 1. సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు రోజు. స్టేడియం నిండా జనం, లోకమంతా టీవీల్లో చూస్తున్నది. మిడ్‌నైట్ ఆయిల్ వాళ్లు నల్ల బట్టల మీద 'సారీ' అని రాసుకొని వచ్చి 'బెడ్స్ ఆర్ బర్నింగ్' పాడారు. ఆదివాసులకు క్షమాపణ చెప్పనని మొండికేసిన అప్పటి ప్రధాని ఎదుటే. యోతు యిండి 'ట్రీటీ' పాడింది. క్రిస్టీన్ అనూ అనే గాయని 'మై ఐలాండ్ హోమ్' పాడింది. ఆమె టోరెస్ జలసంధి ద్వీపాల జాతి బిడ్డ, అంతకుముందు నీల్ మర్రే బ్యాండులో పాడిన మనిషి. 1995లో ఆమె పాడి విడుదల చేశాకే ఈ పాట ఆస్ట్రేలియా ఇంటింటికీ చేరింది. ఆమె గొంతులో అది ద్వీపం నుంచి పట్నానికి వచ్చిన ఆడబిడ్డ పాట అయింది, అదీ బాగానే ఉంటది.

ఆ రాత్రి ఆ స్టేజీ మీద వరుంపి బ్యాండు లేదు. వాళ్లు తిరిగిన దారుల నుంచి పుట్టిన పాట ఉంది, వాళ్లు పాడిన పాట ఉంది, వాళ్లు తెరిచిన దారిలో వచ్చిన బ్యాండు ఉంది. వాళ్లు లేరు.

జార్జి తర్వాత రెగె పాటలతో సొంత ఆల్బమ్ ఒకటి చేసి, ఎల్కో ద్వీపానికి తిరిగిపోయాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2007 జూన్ 10న అక్కడే, తన సముద్రం పక్కనే చనిపోయాడు. చనిపోయిన మనిషి పేరు కొంతకాలం పలకొద్దని వాళ్ల ఆచారం. అందుకని అప్పటి పత్రికలు రురాంబు అనే పేరు వదిలి జార్జి బురర్‌వంగ అని రాశాయి. దేశమంతా పేరున్న పాటగాడి విషయంలో పెద్ద పెద్ద పేపర్లు ఒక చిన్న ద్వీపం ఆచారానికి తలవంచాయి. 2013లో ఆయన మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది. దానికి కూడా ఆ మొదటి ఆల్బమ్ పేరే పెట్టారు.

సామీ పపున్యలోనే ఉండిపోయాడు. ఊరి పిల్లలకు గిటారు నేర్పాడు, అక్కడే రికార్డింగు చేసుకునే ఏర్పాటు చేశాడు. 2002లో 'డెజర్ట్ సర్ఫ్ గిటార్' అని సొంత ఆల్బమ్ తెచ్చాడు. అందులో మాటలు లేవు, ఒట్టి గిటారే. సముద్రం అలల మీద వాయించే పద్ధతిని ఎర్రమట్టి ఎడారిలో వాయిస్తాడు. రాత్రి స్టడీ అవర్ అయిపోయాక ఇయర్‌ఫోన్లు చెరొకటి పెట్టుకొని ఇది వినండి, మిగతావి తర్వాత.

2024 జనవరిలో సిడ్నీ ఫెస్టివల్‌లో వరుంపి బ్యాండు కథను నాటకంగా, పాటలతో ఆడారు. దర్శకత్వం చేసిన ఇద్దరిలో ఒకరు అన్యుపా బుచర్. సామీ కూతురు.

మా పాట సంగతి కొందరు అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాం. గోర్ బోలిలో ఒకటి కట్టాం, ఇంకా కుదరలేదు, డప్పుకు గిటారుకు తాళం కలవట్లేదు. కుదిరినంక పెడతాం. మీ తండాల్లో, గూడేల్లో, పెంటల్లో అన్నదమ్ములు, దోస్తులు కలిసి మీ భాషలో వాయించుకుంటుంటే, ఎట్లున్నా సరే, ఫోన్ల రికార్డు చేసి గ్రూపులో పెట్టండి. పక్కన కోళ్ల చప్పుడు వచ్చినా పర్వాలేదు.